సగం చదివిన పుస్తకం, నాలుగు ముంగిస పిల్లలు

అటవీ శాఖలో కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లు అప్పుడప్పుడు జనగామలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ పులి గురించి అడుగుతారు, టేకు దొంగల గురించి అడుగుతారు, పోడు తగాదాల్లో ఎన్ని దెబ్బలు తిన్నారని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నా సర్వీసు మొత్తంలో పులిని చూడలేదు. రెండుసార్లు అడుగు జాడలు చూశాను. టేకు దొంగల్లో నేను పట్టుకున్నవాళ్లంతా దుంగలు మోసే కూలీలే. దుంగలు కొన్నవాళ్లు నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. దెబ్బలు తిన్నాను, కొన్ని తినవలసినవే.

ముంగిస గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ చిన్న జంతువే కాబట్టి, అడగకపోయినా రాస్తున్నాను.

గ్రంథాలయం

నేను పదో తరగతితో గార్డుగా చేరాను. తర్వాత చదివిందంతా జనగామ గ్రంథాలయంలోనే. సెలవు దొరికితే పొద్దున్నే వెళ్లి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. పక్షులు, పాములు, చెట్ల మందులు, నక్షత్రాలు, ఏది దొరికితే అది చదివాను. నోటు పుస్తకాల్లో ఎత్తి రాసుకున్నాను. ఇంగ్లీషు పుస్తకమైతే నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు పేజీలు. డిగ్రీలున్న అధికారులకు తెలియని సంగతి నేను చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం నాకు చాలా ఇష్టంగా ఉండేది. తోటి ఉద్యోగులు నన్ను 'లైబ్రరీ సారు' అని పిలిచేవారు. వెక్కిరింపే, అయినా నాకు బిరుదులా వినిపించేది.

అలా చదివిన వాటిలో ఆఫ్రికా జంతువుల మీద ఒక లావు పుస్తకం ఉంది. అందులో వీపు మీద అడ్డచారలున్న ముంగిసల గురించి ఒక పెద్ద అధ్యాయం. అవి గుంపులుగా బతుకుతాయి. పాత చెదల పుట్టల్లో అన్నీ కలిసి పడుకుంటాయి. గుంపులోని ఆడవన్నీ దాదాపు ఒకే సమయంలో ఈనుతాయి. ఏ పిల్ల దేనిదో లెక్క ఉండదు. పెద్దవి మేతకు పోతే ఒకటో రెండో కాపలా ఉంటాయి. పిల్లలు బయటికి వచ్చే వయసు రాగానే ఒక్కో పిల్ల ఒక్కో పెద్దదాన్ని పట్టుకుని దాని వెంటే తిరుగుతుంది. ఆ పెద్దది తల్లే కానక్కరలేదు. పురుగు దొరికితే తన నోటిది తీసి ఆ పిల్ల నోట్లో పెడుతుంది.

ఆ అధ్యాయం చదివిన సాయంత్రం నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం. మనుషుల్లో లేనిది ముంగిసల్లో ఉందని ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నాయనకూ చెప్పాను. అధ్యాయం సగంలో ఉండగా పుస్తకం తిరిగి ఇవ్వవలసిన రోజు వచ్చింది. ఇచ్చేశాను. మిగతా సగం మళ్లీ తీసుకుందాంలే అనుకున్నాను.

భూపాలపల్లిలో నేర్చుకున్నది

మన ముంగిసను నాకు చూపించినవాడు భూపాలపల్లిలో నా మొదటి సెక్షన్ అధికారి. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. అడవిలో నేను నోరు తెరిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు, అంతే. ఒకసారి నా పుస్తక జ్ఞానం వినీ వినీ విసిగిపోయాడు.

"నువ్వు చెప్పేది మస్తుగుంది గని, జర నోరు మూసుకొని గా బండ దిక్కు చూడు. అది నీ ముచ్చట వినెటందుకు రాలె."

బండ మీద ఎర్రటి ముంగిస. తోక కొసన నలుపు, ఆ కొసను పైకి వంచి నడుస్తోంది. అడవిలో ఉండేది ఇదని, ఊళ్ల పక్కన పొలం గట్ల మీద తిరిగే బూడిద రంగుది వేరని, దాని తోక కొసన నలుపు ఉండదని ఆయన చెప్పాడు. ఒకదాని తావులోకి ఇంకొకటి సాధారణంగా రాదని కూడా చెప్పాడు. మూడు గంటలు అక్కడే కూర్చోబెట్టాడు. దోమలు పీకుతున్నా చెయ్యి ఎత్తనివ్వలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ మూడు గంటలు నా చదువులో మంచి భాగం.

తర్వాతి ఏళ్లలో ఆ బూడిద రంగు గట్టు ముంగిసను నా అంతట నేనే చాలా చూశాను. అది పగటి జంతువు. ఎండెక్కాక బొరియలోంచి వస్తుంది, రాగానే వెనక కాళ్ల మీద నిలబడి నాలుగు దిక్కులూ చూస్తుంది. గట్టు వెంబడి, కంచె నీడన, ముక్కు నేలకు ఆనించి నడుస్తుంది. ఎలుకలు, మిడతలు, తేళ్లు, కప్పలు, నేల మీద పెట్టిన పిట్టల గుడ్లు దాని తిండి. పాముతో పోట్లాట మనం అనుకున్నంత తరచుగా జరగదు. జరిగినప్పుడు దాన్ని కాపాడేది ఏ వేరూ ఆకూ కాదు. నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, తప్పించుకునే వేగం, విషాన్ని కొంతవరకు తట్టుకునే ఒళ్లు. ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. పిల్లలను పెంచేది తల్లి ఒక్కతే. వెంట తిప్పుకుని, ఒక చోటు మంచిది కాదనిపిస్తే ఒక్కొక్కదాన్నీ నోట కరచుకుని వేరే బొరియకు మారుస్తుంది.

ఇవన్నీ నా కళ్లతో చూసినవి. చూసి కూడా, లావు పుస్తకంలో ఉన్నది వీటికంటే పెద్ద నిజమని అనుకున్నాను. తప్పంతా అక్కడ మొదలైంది.

కేసముద్రం గుడారాలు

మహబూబాబాద్ జిల్లా అయిన తర్వాత నన్ను అక్కడికి మార్చారు. ఒకరోజు పొద్దున కేసముద్రం నుంచి ఫోన్. మార్కెట్ యార్డు దాటాక రైలు పట్టాల పక్కన గుడారాలు వేసుకున్నవాళ్ల దగ్గర ముంగిసలున్నాయని. ముంగిస వెంట్రుకతో బొమ్మలు గీసే కుంచెలు చేస్తారు. ఒక్క ముంగిస నుంచి వచ్చే వెంట్రుక గుప్పెడు కూడా ఉండదు, అందుకే చాలావాటిని చంపుతారు. ఆ కుంచెలు కొనేవాళ్లు పట్టణాల్లో ఉంటారు, గుడారాల్లో ఉండరు. మేము ఎప్పుడూ గుడారాలకే పోయాము.

రేంజర్ గారు, నేను, వాచర్ యాదగిరి వెళ్లాము. ఒక గుడారంలో ఆరబెట్టిన తోళ్లు మూడు దొరికాయి. ఇంకో మూల గంప కింద నాలుగు పిల్లలు, బతికినవి. కళ్లు తెరిచాయి, పళ్లు సరిగా రాలేదు. అరచేతిలో పడతాయి. ఒకదాని మీద ఒకటి పడి సన్నగా కూస్తున్నాయి. ఒక ముసలామె మేకపాలలో గుడ్డపీలిక ముంచి వాటి నోళ్లకు పెడుతోంది. పేరు లచ్చవ్వ. ఆమె పెనిమిటిని యాదగిరి అప్పటికే జీపు దగ్గర నిలబెట్టాడు.

లచ్చవ్వ ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. పిల్లలనే చూస్తూ మాట్లాడింది.

"తోళ్లు మావే సారూ. ముసలోన్ని తీస్కపోతరా, తీస్కపోండ్రి. గని గీ పిల్లల తల్లి బతికే ఉన్నది. నెల్లికుదురు కాడ పత్తి చేను గట్టుకు బొరియ. మొన్న ఉచ్చుల పడ్డది, కాలుకు తీగె కోసుకున్నది, తెంపుకొని ఉరికింది. మేం బొరియ తవ్వి పిల్లలను తెచ్చినం. ఆడ్నే పెట్టుండ్రి. అది ఇంక పోదు, ఆడ్నే తిరుగుతుంటది."

"అవ్వా, తల్లి కోసమేనా, పిల్లలను ఎర పెట్టి తల్లిని పట్టుదామనా?" అన్నాడు యాదగిరి.

"గట్లనుకుంటే మీరే పోండ్రి. నేను రాను. గట్టు యాడుందో చెప్త."

రేంజర్ గారు నా వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వయసులో నాకంటే చాలా చిన్న, తెలియనిది అడగడానికి సిగ్గుపడేవాడు కాదు. "ఏం చేద్దామయ్యా? రెండు దినాలు మన దగ్గర ఉంచి, ఆమె చెప్పిన జాగ ఒకపారి చూసొద్దామా?"

ఇక్కడ నేను చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అవసరం లేదు సార్. ముంగిసలల్ల తల్లే పెంచాలని లేదు. గుంపుల ఏదైనా పెంచుతది. కొత్తగూడ దిక్కు బండల కుప్ప కాడ ఐదు కలిసి తిరుగుడు నేనే చూసిన. ఆడ ఇడిస్తే కలుపుకుంటయి. పుస్తకంల ఉన్నది."

లచ్చవ్వ తల ఎత్తింది. "ఏ పుస్తకం సారూ? ముంగిస యాడనన్న పరాయి పిల్లను సాకుతదా?"

యాదగిరి నవ్వాడు. "ఏందవ్వా, లైబ్రరీ సారుకే పాఠం చెప్తున్నవా?"

నేను కూడా నవ్వాను. ఆమె వాటిని చంపి బతికే మనిషి, నేను కాపాడే మనిషిని. ఆమె మాటను నమ్మడం నాకు చిన్నతనంగా తోచింది. ముంగిస ఎక్కడ పడుకుంటుందో, ఏ వేళకు వస్తుందో, పిల్లలు పోతే ఎన్నాళ్లు తిరుగుతుందో, వీటిని తెలుసుకోవడం మీదే ఆమె కడుపు నిండుతుందని, అందువల్ల ఆమెకు తెలిసింది నా పుస్తకంలో కూడా ఉండదని ఆ నిమిషాన నాకు తట్టలేదు.

కొత్తగూడ

మధ్యాహ్నానికి కొత్తగూడ అడవి చేరాము. బండల కుప్ప దగ్గర గంప దించాను. పిల్లలను ఒక్కొక్కటిగా రాళ్ల సందు ముందర పెట్టాను. మా వెంట వచ్చిన ఒక విలేఖరి ఫొటో తీశాడు. నాలుగోది నా బొటనవేలిని పట్టుకుని వదలలేదు. మెల్లగా విడిపించి పెట్టాను. కాస్త దూరం వచ్చి కూర్చున్నాము. ఒక అరగంటకు బండ మీద ఒక ముంగిస కనిపించింది. రేంజర్ గారు నా భుజం తట్టాడు. అందరం లేచి వచ్చేశాము.

మేము పెట్టిన పిల్లలు బూడిద రంగువి, ఆ ముంగిస ఎర్రటిది. తోక కొసన నలుపు ఉంది. నేను చూశాను. భూపాలపల్లిలో మూడు గంటలు కూర్చోబెట్టి నేర్పిన తేడా అది. కానీ వెనకటి రోజుల్లో ఐదు కలిసి తిరగడం చూశాను కదా, గుంపు గుంపే కదా అనుకున్నాను. ఆ ఐదు గుంపు కాదని, ఒక తల్లీ, దాని ఎదిగిన పిల్లలూ అయి ఉంటాయని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున మనసు ఊరుకోక ఒక్కణ్ణే బండి మీద వెళ్లాను. పెట్టిన చోటే రెండు చచ్చి ఉన్నాయి. మెడ మీద పంటిగాట్లు. ఏది కొరికిందో నేను చూడలేదు, చూడనిది చెప్పను. మూడోది లేదు, రక్తపు చుక్క కూడా లేదు. నాలుగోదాని కూత రాళ్ల సందు లోపలి నుంచి వినిపించింది. చెయ్యి పట్టని సందు. రాళ్లు తీయడానికి గంట పట్టింది. బయటికి తీసేసరికి అది చల్లగా ఉంది, కూయడం మానేసింది, నా చొక్కా లోపల పెట్టుకుంటే మళ్లీ కూసింది.

ఆఫీసుకు పోలేదు. తిన్నగా కేసముద్రం వెళ్లాను.

నెల్లికుదురు

గుడారం దగ్గర లచ్చవ్వ ఒక్కతే ఉంది. ముసలాయన అప్పటికి రిమాండులో ఉన్నాడు. చొక్కా గుండీ విప్పి చూపించాను.

"తక్కినయి?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె గుడారంలోకి వెళ్లింది. మేకపాలు తెచ్చింది, గుడ్డపీలిక తెచ్చింది. పిల్లను కొంగులో చుట్టుకుని నా బండి వెనక కూర్చుంది. దారిలో రెండుసార్లు ఆపమని, పీలికతో పాలు పట్టింది. మొదటిసారి పిల్ల కాస్త తాగింది. రెండోసారి పాలు మూతి పక్కనుంచి కారిపోయాయి.

పత్తి చేనులో రైతు మందు కొడుతున్నాడు. మమ్మల్ని చూసి పంపు దించాడు. ముంగిస గురించి అడిగితే వెంటనే చెప్పాడు.

"కుంటి ముంగీసనా? నిన్న పొద్దుగూకె దాక ఈడ్నే ఉన్నది సారూ. మూడు దినాలసంది గిదే తంతు. బొరియల దూరుడు, బయటికొచ్చుడు, మల్ల దూరుడు. మనిషిని చూసినా ఉరుకుత లేదు. నేనే పరేషానయి, ఏమైందే నీకు అని అడిగిన. ఇయ్యాల మాత్రం కానరాలె."

నిన్న. నిన్న మధ్యాహ్నం నేను నాలుగు పిల్లలతో కొత్తగూడ దారిలో ఉన్నాను. కేసముద్రం నుంచి ఈ గట్టుకు అంతకంటే చాలా తక్కువ దూరం.

లచ్చవ్వ గట్టు మీద వంగి నడిచింది. కాలువ నీళ్లు తగిలి మట్టి మెత్తగా ఉంది. నాకు ఏవో గీతల్లా కనిపించినవి ఆమెకు జాడలు. వేలితో చూపిస్తూ చెప్పింది.

"గిది చూడు సారూ, మూడు కాళ్లే ఆనినయి. గిది దేవులాడుకుంట తిరిగిన జాడ, బొరియ సుట్టూ సుట్టూ. గీడ పండుకున్నది. గిది..." కాలువ వైపు పోయిన జాడ దగ్గర ఆగింది. "గిది పోయిన జాడ. మర్రొచ్చిన జాడ లేదు."

"వస్తదా?"

"రావాలె. పిల్ల కూత వినపడేటంత దూరంల ఉంటే వస్తది."

తవ్విన బొరియను ఆమే చేతులతో సరిచేసింది. ఆ బొరియ మట్టినే తీసి పిల్ల ఒంటికి రాసింది, నా చొక్కా వాసన పోవాలని. లోపల పెట్టి, మేము గాలికి ఎదురుగా చేను అవతల కూర్చున్నాము. పొద్దు వాలేదాకా కూర్చున్నాము. పిల్ల మొదట గట్టిగా కూసింది. ఆ కూత నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊపిరి తీసి మళ్లీ కూయడానికి మధ్య ఎవరైనా జవాబు ఇస్తారేమోనని ఆగినట్టు ఉండేది. రైతు కూడా పని మానేసి మా పక్కనే కూర్చున్నాడు. ఏదీ రాలేదు.

రాత్రికి లచ్చవ్వ దాన్ని తన దగ్గరే ఉంచుకుంది. మర్నాడు ఎండెక్కాక మళ్లీ వెళ్లి మళ్లీ పెట్టాము. ఈసారి కూత సన్నగా వచ్చింది. మధ్యాహ్నం దాటాక రావడం ఆగింది. లచ్చవ్వ లేచి వెళ్లి చెయ్యి పెట్టి తీసింది. కొంగులో పెట్టుకుని ఏడ్చింది. వేల ముంగిసలను చూసిన మనిషి, ఎన్నింటి తోలు తీసిందో ఆమెకే తెలియదు. ఆమె ఎందుకు ఏడుస్తోందో నేను అడగలేదు.

నేను ఏదో అనాలని, "తప్పు నాదే అవ్వా" అన్నాను.

"తవ్వింది మేము, మోసుకపోయింది నువ్వు," అంది. "ఆ తల్లికి మనం ఇద్దరం ఒక్కటే సారూ."

మిగతా సగం

ఆ వారం సెలవు పెట్టి జనగామ వచ్చి గ్రంథాలయానికి వెళ్లాను. లావు పుస్తకం అక్కడే ఉంది. నేను ఆపిన పేజీ నుంచి చదివాను. గుంపు ముంగిసలు పక్క గుంపుతో కొట్లాడతాయని, ఆ కొట్లాటల్లో పరాయి పిల్లలను చంపుతాయని, సొంత గుంపులోని ఆడవాటిని కూడా ఒక్కోసారి కరిచి తరుముతాయని ఆ మిగతా సగంలో ఉంది. అంటే ఆఫ్రికాలోనైనా నేను వదిలిన ఆ పిల్లలు బతికేవి కావు. పుస్తకం తప్పు చెప్పలేదు. నాకు నచ్చిన సగం దగ్గర నేను ఆగిపోయాను.

చదవడం మానెయ్యండని కొత్తవాళ్లకు నేను చెప్పను. నేనూ మానలేదు. కానీ జంతువు మీ కళ్ల ముందు ఒకటి చేస్తూ, పుస్తకంలో ఇంకొకటి ఉంటే, ఆ రోజుకు పుస్తకం మూసి పెట్టండి. నేరం చేసిన మనిషి చెప్పినంత మాత్రాన మాట తప్పు కాదు. కేసు కేసే, అది వేరే రాసుకోండి. మాట మాత్రం వినండి.

లచ్చవ్వ పెనిమిటి విడుదలయ్యాక వాళ్లు గుడారాలు ఎత్తుకుని వెళ్లిపోయారు. ఎటు పోయారో యార్డు దగ్గర ఎవరికీ తెలియలేదు.

సెలవు అయ్యాక రేంజర్ గారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. కేసు రిపోర్టులో ఒక కాగితం కలపాలని అడిగాను.

"రిపోర్టుల ఏం రాసినం? నాలుగు పిల్లలను అడవిల ఇడిసినం అని రాసినం. అది అబద్ధం కాదు కదనే."

"బతికినయని అనుకుంటరు సార్."

"బతికినయా అని ఎవ్వరు అడగలె. అడిగే గడి కూడా లేదు దాంట్ల." ఆయన గొంతులో విసుగు లేదు, బాధే ఉంది. నేను రాసి తెచ్చిన కాగితం పూర్తిగా చదివి, మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చాడు. "ఫైలు పోయింది. ఇది నీ దగ్గర పెట్టుకో."

పెట్టుకున్నాను. ఆ కాగితంలో ఉన్నది ఇంతే:

కేసముద్రం వద్ద స్వాధీనం చేసుకున్న బూడిద రంగు ముంగిస పిల్లలు నాలుగు. వాటి తల్లి నెల్లికుదురు గట్టున ఉన్నదని లచ్చవ్వ అను ఆమె ముందుగానే చెప్పినది. నేను వినలేదు. కొత్తగూడ అడవిలో విడువమని సలహా ఇచ్చినది నేను. రెండు అక్కడే చనిపోయినవి. ఒకటి కనిపించలేదు. ఒకటి నెల్లికుదురులో తల్లి బొరియలో చనిపోయినది. తల్లి మూడు రోజులు వచ్చినది.